శ్రీ మూడొందల డీపీఐ మహాత్మ్యం

ఫోటో తీయడం రానివాడు తెలుగునాట లేడు. తీసిన ఫోటోను చెడగొట్టకుండా ప్రింటింగ్ ల్యాబ్ గుమ్మం దాకా చేర్చగలిగినవాడు జిల్లాకొక్కడు దొరికితే గొప్ప. అన్నప్రాసన మొదలు షష్టిపూర్తి దాకా, కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు నలగడం మొదలు పుష్కరాల్లో మూడు మునకల దాకా మనం తీయనిది లేదు. వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి కాగితం మీదికి ఎక్కించాల్సిన రోజు వచ్చిందా, ఇంటిల్లిపాదికీ పరీక్షే. ఫైలు దొరకదు. దొరికితే సరిపోదు. సరిపోతే పంపడం చేతకాదు. పంపితే అమ్మమ్మకు పాదాలు, పెదనాన్నకు నడినెత్తి లేకుండా తిరిగొస్తుంది. ఇక మిగిలింది ‘ల్యాబోడు చెడగొట్టాడు’ అని ఊరంతా చాటడమే.

ల్యాబోడు ఒక్కడే చెడగొట్టడానికి ఇదేమన్నా చిన్న పనా? తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. ఎవరి పిడికెడు ఎంతో లెక్క తీద్దాం.

మొదటి పిడికెడు మనదే, అంటే డబ్బిచ్చేవాడిది. నూట ఎనిమిది మెగాపిక్సెళ్లని డబ్బా మీద రాసుంటే మురిసిపోయి ఫోను కొంటాం. ఆ ఫోను మామూలుగా తొమ్మిది చుక్కలను కలిపి ఒకటి చేసి, పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోటోనే చేతిలో పెడుతుందన్న సంగతి మాత్రం డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండదు. పోనీ, పన్నెండు తక్కువేం కాదు. నాలుగు వేల చుక్కల పొడవు, మూడు వేల చుక్కల వెడల్పు. ఆ ఫైలును ఉన్నదున్నట్టు ఇస్తే 8 బై 12 ప్రింటు కళ్లకద్దుకునేలా వస్తుంది. కానీ ఉన్నదున్నట్టు ఇస్తే మన ప్రతిభ బయటపడేదెలా? వాట్సాప్ చేస్తాం. మామూలుగా పంపిన ఫోటోను అది పొడవు వైపు పదహారు వందల చుక్కలకు కుదించేస్తుంది. కోటీ ఇరవై లక్షల చుక్కలతో బయల్దేరిన ఫోటో, కోటి చుక్కలు దారిలో పారబోసుకుని, మిగిలిన ఇరవై లక్షల లోపు చుక్కలతో అవతలి ఫోనుకు చేరుతుంది.

ప్రయాణం అక్కడితో ఆగితే అది మన ఫోటోనే కాదు. మరదలు దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటుంది. పెళ్లికొడుకు మేనమామ ఆ స్టేటస్‌కు స్క్రీన్‌షాట్ కొడతాడు. పైన బ్యాటరీ గుర్తు, కింద జవాబివ్వండనే గీత, మధ్యలో పెళ్లి. గీతలు కత్తిరించి, మిగిలిన తునకను స్టూడియోకు పంపి వాయిస్ మెసేజ్ పెడతాడు: “అన్నా, ఇది 12 బై 18 వెయ్యి. క్లారిటీ మాత్రం తగ్గకూడదు, ముందే చెప్తున్నా!” ముందే చెప్పాడు మరి. తగ్గితే తప్పు అన్నదే.

ఫోటోను డాక్యుమెంటుగా పంపితే ఒక్క చుక్క కూడా రాలదు. 2023 ఆగస్టులో హెచ్‌డీగా పంపే మీట కూడా వచ్చింది, దాంతో కొంత నయం. రెంటికీ ఒకటి రెండు నొక్కులు ఎక్కువ, అంతే. పెళ్లికి పొలం అమ్మడానికి వెనకాడని మనకు ఆ రెండు నొక్కుల దగ్గరే పొదుపు గుర్తొస్తుంది. ఐఫోన్ ఉన్నవారిది మరో హోదా. 2017 నుంచి ఆ ఫోన్లు హెచ్‌ఈఐసీ అనే పద్ధతిలో ఫోటోలు దాస్తున్నాయి. చాలా ల్యాబులు జేపెగ్ తప్ప మరోటి ముట్టుకోవు. సెట్టింగుల్లో ఒక్క మాట మార్చితే పోయేదానికి, ఐఫోన్ తెర మీద ఫోటో తెరిచి, దాన్ని ఇంకో ఫోనుతో ఫోటో తీసి పంపే మేధావులు మనలో ఉన్నారు. తెర మీద వేలిముద్రలు ఉచితం.

రెండో పిడికెడు మంత్రోపాసకులది. స్టూడియోలో, ల్యాబ్ కౌంటర్లో, డిజైనింగ్ సెంటర్లో, ఎక్కడ అడుగుపెట్టినా వినబడే మంత్రం ఒక్కటే: “మూడొందల డీపీఐ ఉండాలి సార్.” ఎంత సైజు ప్రింటుకు అని అడగకూడదు. ఫైల్లో చుక్కలెన్ని అని అసలే అడగకూడదు. మంత్రానికి అర్థం అడిగితే ఫలం పోతుంది.

అర్థం మూడో తరగతి భాగహారం. ఫైల్లో అంగుళాలుండవు, చుక్కలే ఉంటాయి. అంగుళాలు కాగితానివి. చుక్కల్ని అంగుళాలతో భాగిస్తే వచ్చేదే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క. 1200 బై 1800 చుక్కల ఫోటో 4 బై 6 కాగితం మీద మూడొందల వంతున కూర్చుంటుంది. అదే ఫోటో 12 బై 18 మీద నూటి వంతున పలచబడుతుంది. ఫోటో మారలేదు, కాగితం మారింది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి పట్టే సమయంలో మన ఆపరేటరు ఫోటోషాప్ తెరిచి, 72 అని ఉన్నచోట చెరిపి 300 అని కొట్టి, “చేసేశా సార్” అంటాడు. రీశాంపుల్ అనే టిక్కు తీసేసి కొడితే ఆ ఫైల్లో మారింది చీటీ మీద అంకె మాత్రమే, ఒక్క చుక్కా పెరగలేదు. టిక్కు ఉంచి కొడితే చుక్కలు పెరుగుతాయి నిజమే, కానీ అవి కెమెరా చూసినవి కావు. పక్క చుక్కల్ని బట్టి కంప్యూటరు ఊహించి పూసినవి. కనురెప్పల వెంట్రుకలు ఊహలో పుట్టవు గనుక రెప్పల చోట మసి మిగులుతుంది.

అసలు ఈ 72 పాపం ఎక్కడిది? 1984లో వచ్చిన తొలి మెకింతోష్ కంప్యూటరు తెర మీద అంగుళానికి 72 చుక్కలుండేవి. ఆ తెరలు మ్యూజియాల్లో బూజు పట్టాయి. అంకె మాత్రం మన ల్యాబుల్లో దుశ్శకునంగా స్థిరపడింది. 6000 బై 4000 చుక్కల నిండు ఫైలు 72 అనే చీటీతో వస్తే, “ఇది నెట్ ఫోటో సార్, పనికిరాదు” అని తిప్పి పంపుతారు. 600 బై 400 చుక్కల అర్భకపు ఫైలు 300 అని బొట్టు పెట్టుకుని వస్తే పీట వేసి కూర్చోబెడతారు. మనుషుల్ని పదవిని బట్టి, ఫైళ్లను చీటీని బట్టి గౌరవించడం మన సంప్రదాయం.

ఇదే మంత్రాన్ని రోడ్డు మీది ఫ్లెక్సీకీ చదువుతారు. ముప్పై అడుగుల దూరం నుంచి చూసే బ్యానరుకు అంగుళానికి మూడొందల చుక్కలు ఎందుకు? కన్ను అంత దూరం నుంచి వాటిని లెక్కపెట్టలేదు. అయినా “నాయకుడి పుట్టినరోజు, మూడొందలకు తక్కువైతే ఊరుకోం” అని పట్టుబడతారు. పట్టుబట్టి, నాయకుడి ముఖానికి ఇచ్చే ఫోటో ఆయన వాట్సాప్ డీపీ నుంచి కొట్టిన స్క్రీన్‌షాట్. కింది వరుసలో శుభాకాంక్షలు చెప్పే పాతికమంది యువనాయకుల ముఖాలకు ఆ భాగ్యం కూడా లేదు. ఎవరి అభిమానులు ఎవరికి దండం పెడుతున్నారో వాళ్ల ఇళ్లవాళ్లే గుర్తుపట్టాలి.

మూడో పిడికెడు కత్తెరది. ఫోను ఫోటో నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటుంది. 4 బై 6 కాగితం మూడుకు రెండు నిష్పత్తిలో ఉంటుంది. ఫోటోను ఆరంగుళాల పొడవుకు సాగదీస్తే ఎత్తు నాలుగున్నర అవుతుంది. కాగితం నాలుగే. ఆ అరంగుళం ఎవరో ఒకరు ఖాళీ చేయాలి. గ్రూపు ఫోటోలో వెనక వరుసలో ఎత్తుగా ఉన్నందుకు పెదనాన్న తల ఇవ్వాలి, లేదా ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నందుకు అమ్మమ్మ పాదాలివ్వాలి. పెద్ద కెమెరా ఉన్న ఫోటోగ్రాఫరుకు 4 బై 6తో పేచీ లేదు, అతని ఫైలు కూడా మూడుకు రెండే. కానీ పెళ్లివారు 8 బై 10 అంటారు. 8 బై 12గా పుట్టిన ఫోటోలోంచి రెండంగుళాలు ఎగిరిపోతాయి. అటు చివర తోడల్లుడు, ఇటు చివర ఆడపడుచు. మన కుటుంబాల్లో అంచున నిలబడేవాళ్లెవరో, వాళ్లు లేకపోతే రేగే రభస ఎంతో తెలిసినవాడెవడూ ఈ కత్తెరను తేలిగ్గా తీసుకోడు. ల్యాబుల వెబ్‌సైట్లు మాత్రం తీసుకుంటాయి. కాగితం నిండా పరిచి మిగిలింది కోసేయడం వాటి అలవాటు. చుట్టూ తెల్ల అంచు వదిలి ఫోటో మొత్తం వేయమనే వీలు పక్కనే ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే, “తెల్లగా వదిలేశాడేంటి, కాగితానికి డబ్బులియ్యలా?” అని అడిగేవాడు ఇంట్లోనే ఉంటాడు.

నాలుగో పిడికెడు రంగుది. ఇది పిడికెడు కాదు, బస్తా. ఫోను తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితం తన మీద పడిన వెలుతురులో కొంత వెనక్కిస్తుంది. రాత్రి పదకొండింటికి దీపాలార్పి, తెర వెలుగు నూటికి నూరు పెట్టుకుని ఫోటోకు మెరుగులు దిద్దినవాడు, పొద్దున ప్రింటు చేతిలోకి రాగానే “నల్లగా కొట్టాడు” అంటాడు. ల్యాబ్ నల్లగా కొట్టలేదు నాయనా, నీ తెర అబద్ధంగా వెలిగింది.

నలుపు మాట వచ్చింది గనుక పెళ్లికూతురి సంగతి చెప్పాలి. ఆ అమ్మాయి పుట్టుక రంగు మీద మొదటి దాడి ఫోనుది. తీసేటప్పుడే బ్యూటీ మోడ్ బుగ్గలు చదును చేస్తుంది. రెండో దాడి స్టూడియో ఎడిటరుది. చర్మం మీద రంధ్రమన్నది లేకుండా తాపీ పని చేసి, రెండు వరసలు సున్నం వేస్తాడు. మూడో దాడి ల్యాబ్ మిషన్ది. ఆటో కరెక్షన్ వద్దని ఆర్డరులో ఎవరూ చెప్పలేదు గనుక ముఖం చీకటిగా ఉందనుకుని అది తన వంతు వెలుగు పోస్తుంది. చివరికి ఆల్బమ్‌లో కనిపించేది రెండు కళ్లు, ఒక ముక్కుపుడక. ముక్కుపుడక ఉంది గనుక అక్కడ ముక్కు ఉండి ఉండాలి. పట్టుచీర కట్టింది మెరూన్, వచ్చింది టమాటా. చీరకు పెట్టిన డబ్బులు గుర్తున్న తల్లి లబోదిబోమంటుంది. కూతురు ముఖం ఏమైందని మాత్రం అడగదు. తెల్లగా వచ్చింది కదా!

ఫోటోగ్రాఫర్లలో కాస్త చదివినవాళ్లు మరీ ప్రమాదం. కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టి తీస్తారు, “ఎక్కువ రంగులొస్తాయండీ” అంటారు. ఎక్కువ రంగులు పట్టే కొలతే అది, 1998 నాటిది, కాదనం. ఎస్‌ఆర్‌జీబీ దానికన్నా ఇరుకైనది, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన సాదాసీదా కొలత. కానీ చాలా ల్యాబులు వచ్చిన ప్రతి ఫైలునూ ఎస్‌ఆర్‌జీబీ అనుకునే అచ్చేస్తాయి. వెడల్పు కొలతలో రాసిన అంకెల్ని ఇరుకు కొలతలో చదివితే పచ్చటి అరటాకు బూడిదరంగుకు తిరుగుతుంది, పసుపు బట్టలు వెలిసిపోతాయి. పంపేముందు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చమని చెబితే చిన్నతనం. ఇంకొందరు ‘ప్రింటు కదా’ అని సీఎంవైకే చేసి పంపుతారు. పత్రికలు అచ్చేసే మిషన్‌కు కావాల్సింది అది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లతో ఫోటో కాగితాన్ని వెలిగించి, ఆపైన రసాయనాల్లో కడిగే ల్యాబ్ మిషన్‌కు ఆ నాలుగు సిరాలతో పనేమిటి? పెళ్లికి పిలిస్తే తద్దినపు మంత్రాలు చదివిన పురోహితుడి తంతు ఇది.

అయిదో పిడికెడు ఆల్బమ్ డిజైనరు మహాశయుడిది. 12 బై 36 షీటు. మూడొందల వంతున లెక్కేస్తే 3600 బై 10800, అంటే సుమారు మూడు కోట్ల తొంభై లక్షల చుక్కలు. ఇంత విశాలమైన మాగాణి దొరికితే మనవాడు సాగు చేసేదేమిటి? వెనక మంచుకొండలు, ముందు హంసలు, మూల మీద ఈఫిల్ టవరు. జీలకర్రబెల్లం పెడుతున్న జంట వాటి మధ్య తేలుతుంటుంది. ఆ పెద్ద బొమ్మ ఏ కెమెరాది అని అడిగితే, “వీడియోలోంచి పట్టాను సార్, ఎక్స్‌ప్రెషన్ బాగుందని” అంటాడు. ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్క ఫ్రేము ఇరవై లక్షల చుక్కలే. దాన్ని మూడడుగుల షీటు నిండా పరిస్తే ఎక్స్‌ప్రెషన్ ఉంటుంది, ముఖం ఉండదు. ఉన్న ముఖాలను సరిగ్గా షీటు మడతలో పెట్టడం మరో విద్య. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా వియ్యంకుడి ముక్కు రెండుగా మడతపడుతుంది. అంచున కోత పడుతుందని, అక్కడ కొంత వదలాలని ల్యాబ్ చెబుతూనే ఉంటుంది. ఆ వదలాల్సిన చోటే దంపతుల పేర్లు బంగారు అక్షరాల్లో రాసి, వరుడి పేరులో చివరి అక్షరం ల్యాబ్ చెత్తబుట్టకు దానమిస్తారు.

ఇక ఫైళ్ల పేర్లు. 1, 2, 3 అని పెడతాడు. ల్యాబ్ కంప్యూటరు చాలాసార్లు అక్షరక్రమంలో పేరుస్తుంది: 1, ఆ వెంటనే 10, 11, 12, తరవాత 2. మంగళస్నానాలు అవగానే అప్పగింతల ఏడుపులు, ఆ తరవాత పెళ్లిచూపులు. 001, 002 అని పెడితే తీరే తంటాకు రెండు సున్నాలు ఖర్చు. వాటికి బదులు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ లాస్ట్’, ‘ఫైనల్ లాస్ట్ ఓకే’ అని నాలుగు ఫోల్డర్లు అప్‌లోడ్ అవుతాయి. అచ్చయ్యేది మొదటిది.

ఇదంతా ఫోటోను పెంచాలనే యావ. ఆరో పిడికెడు దొరతనానిది, దానిది కుదించే యావ. బ్యాంకు ఉద్యోగాల పరీక్షకు దరఖాస్తు పెట్టే కుర్రవాడు తన ముఖాన్ని 200 బై 230 చుక్కల్లో, 20 నుంచి 50 కేబీల మధ్య ఇమడ్చాలి. సంతకం 10 నుంచి 20 కేబీలు. ఇంకో పరీక్షకు ఇంకో కొలత. అమెరికా వీసా దరఖాస్తుకైతే చదరంగా 600 నుంచి 1200 చుక్కలు, 240 కేబీలు మించకూడదు. ఒకే ముఖాన్ని ఇన్ని కొలతల్లో నొక్కడానికి నెట్ సెంటర్లో పూటంతా పడిగాపులు. 51 కేబీలైతే పోర్టల్ తలుపు వేసేస్తుంది. 49కి నొక్కితే ముక్కూ మూతీ కలిసిపోతాయి, అయినా రానిస్తుంది. తీరా పరీక్ష రోజు గేటు దగ్గర, “ఫోటో స్పష్టంగా లేదు, నువ్వేనా?” అని నిలదీస్తారు. తమ్ముడూ, ఆ ప్రశ్న ముఖాన్ని యాభై కేబీల్లోకి తొక్కినవాణ్ణి అడగాలి.

ఈ పాపాలన్నీ పండే రోజు ఒకటుంది. ఇంట్లో పెద్దాయన పోతారు. కర్మ నాటికి దండ వేయడానికి పటం కావాలి. పది ఫోన్లలో వేలకొద్దీ ఫోటోలు: తిన్న బిర్యానీ, పెరిగిన కుక్కపిల్ల, కదిలిన సూర్యాస్తమయం. ఆయన ఒక్కడే నిమ్మళంగా కూర్చున్న ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నది ఆధార్ కార్డు. బొటనవేలంత బొమ్మ, అందులో ఆయన ఏ నేరమూ చేయకుండానే దొరికిపోయినట్టుంటాడు. దాన్ని ఫోనుతో తీసి, వాట్సాప్ చేసి, స్టూడియో తమ్ముణ్ణి బతిమాలతారు. తమ్ముడు ఆయన జన్మలో తొడగని కోటు తొడిగి, టై కట్టి, వెనక నీలాకాశం పరిచి, కృత్రిమ మేధ మీట నొక్కుతాడు. మేధ ఆయనను ఎప్పుడూ చూడలేదు గనుక తనకు తోచిన కళ్లు, తనకు నచ్చిన పళ్లు పెడుతుంది. 12 బై 15 లామినేషన్ సిద్ధం. బంధువులు దండం పెడుతూ, ఎవరికి పెడుతున్నామో అని పక్కవాణ్ణి ఓరకంట చూస్తారు.

కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లో తొలి డిజిటల్ కెమెరా చేసినప్పుడు దాని ఫోటోలో ఉన్నవి పదివేల చుక్కలు. అదే కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. చుక్కలు పదివేల నుంచి కోట్లకు పెరిగే లోపు మన బాధ్యత రివర్సు గేరులో నడిచింది. ముప్పై ఆరు ఫోటోల రీలున్న రోజుల్లో తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కండువా సర్ది, ఊపిరి బిగబట్టమని తీశారు. ఆ నెగెటివ్ నుంచి ఇవాళ కూడా నిలువెత్తు పటం వేసుకోవచ్చు. నెగెటివ్‌ను వాట్సాప్ చేయలేకపోయాం గనుక బతికింది.

ఇంత గందరగోళంలో నిజం చెప్పేది ఒక్కటే ఉంది. ల్యాబ్ అప్‌లోడ్ పేజీలో ఎర్రగా ఒక హెచ్చరిక వస్తుంది: ‘ఈ సైజుకు ఈ ఫోటో నాణ్యత చాలదు. అయినా కొనసాగించాలా?’ మామయ్య తొందరలో ఉన్నాడు గనుక అవునంటాడు. స్టూడియో వాడు అడ్వాన్సు తీసుకున్నాడు గనుక అవునంటాడు. ల్యాబ్‌కు బిల్లు షీటు లెక్కన గనుక అవునంటుంది. ముగ్గురూ అవునన్న ప్రింటు ఇంటికొచ్చాక మాత్రం ముగ్గురూ కాదంటారు.

కనుక ప్రతి స్టూడియోలో ‘అరువు రేపు’ అన్న బోర్డు పక్కన మరో బోర్డు వేలాడదీయాలని మనవి: ‘చుక్కలు అరువివ్వబడవు. కాగితం అంగుళాలను మూడొందలతో గుణించి, అన్ని చుక్కలు మీ దగ్గరుంటేనే లోపలికి రండి.’ అక్షరాలు అరచేయంత లావున ఉండాలి. ఎందుకంటే మొదటి రోజే ఎవడో ఒకడు ఆ బోర్డుకు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. అక్కడినుంచి స్క్రీన్‌షాట్ కొట్టుకున్నవాడికి కనీసం ‘అరువు’ అన్న మాటైనా కనబడాలి కదా!